మూడో ఈత

పొద్దున్నించీ కెంచి మేత ముట్టలేదు.
రాత్రి, పక్క అపార్ట్‌మెంట్ జనరేటర్ ఆగాక
దాని ఊపిరి వినబడింది
బుస్సుమని, తడిగా.

మునెక్క లైటు వెయ్యనివ్వలేదు.
"ఎలుతురు సూస్తే బిగబట్టుకుంటాదే."
వర్తూరు చెరువు మీంచి సబ్బు నురగ కంపు,
కొట్టంలో గంజు వాసన,
నా మోచేతుల దాకా ఆముదం.

ముందు నీళ్ళ తిత్తి పగిలింది.
తర్వాత రెండు గిట్టలు,
నానిన అటుకుల్లా మెత్తగా.
తల రాలేదు.
నాలుక కొస మాత్రం
నీలంగా వేలాడింది.

అక్కడితో నేను చూడడం మానేసి
లాగడం మొదలుపెట్టాను.
అది ముక్కినప్పుడే లాగాలి,
వదిలినప్పుడు వదలాలి.
మునెక్క నోటితో చెప్పలేదు,
నా భుజం నొక్కుతూ, సడలిస్తూ ఉంది.

పైన ఆరో అంతస్తు బాల్కనీలో
ఎవరిదో సిగరెట్
ఒక్కసారీ నోటికి పోకుండా
చివరిదాకా కాలింది.

జారిపడింది, తడి గోనెలా.
కదల్లేదు.
మునెక్క గడ్డిపరక తీసి
దాని ముక్కులో తిప్పింది
తిప్పింది
తుమ్మింది!
పైనించి చప్పట్లు. ఒక్క మనిషివే.

మునెక్క తోక ఎత్తి చూసింది.
మగది.
ఏమీ అనలేదు.
కెంచి నాకుతూనే ఉంది, కళ్ళు, చెవులు,
నా చేతులు కూడా.

తెల్లారి గేటు దగ్గర
చెప్పుల్లేకుండా ఒకాయన.
తెలుగు రాదు, కన్నడం రాదు.
కొట్టం వైపు వేలు చూపించాడు,
ఆగాడు,
మాట దొరక్క
తుమ్మి చూపించాడు.

మునెక్క నవ్వి
ముర్రుపాల చెంబు
ఆయన చేతిలో పెట్టింది.