చీజ్ బండి

జడ్చర్లల పొద్దుగాల నాలుగింటికి
నాలుగు డిగ్రీల చలిని బండికెత్తుకొని
ఎండలకు బయలెల్లుత.
ఎనక డబ్బల నూటయిరవై చీజ్ కడ్డీలు,
ఒక్క బర్రె పాలే అన్నట్టు అన్నీ ఒక్కతీరు తెలుపు.
దింపే కాడ ఒక్కటే సరుకు.
తినే కాడ ఊరికో రుచి.

కల్వకుర్తిల నవాజ్ చేసే పిజ్జకు బన్ను రొట్టె అడుగు,
నడుమ క్యాబేజీ తురుము,
మీద టమాట సాసు గీతలు, నాగలి తోలిన సాళ్ల లెక్క.
స్వీట్ కార్న్ ఏదన్నా అంటే
"మక్కలు మనకు కొత్తనా" అని నవ్వుతడు.

అచ్చంపేటల పల్లీలు చల్లుతరు.
మార్కెట్ యార్డు గోడ పక్కనే దుకాణం,
గాలికొచ్చి పడ్డయేమో అనుకున్న మొదలు.
నమిలినంక నోరు మూసుకున్న.

దేవరకొండల కోడిముక్క బొక్కతోని సహా ఏస్తరు.
పన్ను ఇరిగినోడు ఒకడు నాకు తెలుసు,
వాడే వారం వారం వస్తడు.

మిర్యాలగూడల రైసుమిల్లాయన కొడుకు దుకాణంల ఏసీ.
ఓవెన్ ఇటలీది అంటడు,
కరెంటు బిల్లు మాత్రం మనదే.
కాయితమంత పల్చటి రొట్టె, నడుమ ఒక్కటంటే ఒక్క పచ్చటాకు.
తులసి వాసనొస్తే
తినబోయేటోన్ని కండ్లకద్దుకున్న.

నల్గొండ గడియారం కాడ ముక్క ముప్పై రూపాయలు.
ఎనిమిది ముక్కలు, తొమ్మిది మంది కాలేజీ పోరగాండ్లు.
తొమ్మిదోవాడు అట్టడబ్బకు అంటిన చీజ్ గీక్కుంటుంటే
వాని మొఖంల ఉన్న సంబురం
మిగిలిన ఎనమండుగురికి లేదు.

డీజిల్ లెక్కల పుస్తకం ఎనక పేజీలల్ల
ఊరు పేరు రాసి మార్కులేస్త.
మూడేండ్లాయె. పదికి ఆరు దాటలే ఎవ్వనికి.
"కుర్మూర్తీ, సరుకు దింపుతున్నవా, పిల్లను చూస్తున్నవా"
అని సేటు ఫోన్ల గులుగుతడు.

మొన్న ఎండకాలం
డిండి దాటినంక కంప్రెసర్ ఒక్క దగ్గు దగ్గి ఊకున్నది.
తలుపు తీస్తే కడ్డీలకు చెమట.
సేటుకు చేస్తే "ఫోటో తీసి పారబొయ్యి" అన్నడు.
ఫోటో తీసిన.
పారబోసెటానికి చెయ్యి రాలే.

రోడ్డు పక్కన రేకుల నీడల
కాలువ పనోళ్లకు రొట్టెలు కాలుస్తున్నది దేవ్లీ.
బాటి అంటది ఆమె.
ఒక కడ్డీ చేతుల పెడితే వాసన చూసి
"పాలు ఇరిగినయా?" అన్నది.
గిట్లనే ఉంటది అక్కా అన్న.
కొడవలితోని కోసింది.
వేడి జొన్నబాటి మీద ఎల్లిపాయ కారం రాసి,
ఆ తెల్లటి తునకలు పరిచి, మీద ఇంకో బాటి బోర్లేసి
అరచేత్తోని అదిమింది, బిడ్డను జోకొట్టినట్టు కాదు,
గోడకు పిడక కొట్టినట్టు.

అంచులెంబడి కారిన చీజ్ పెనానికి తాకి
చుయ్యిమని, ఎర్రగై, జాలీ అల్లింది.
ఆ మాడిన జాలీ ముందు ఇరిచి నోట్లేసుకున్న.
తరువాత ఏమైందో సరిగ్గ చెప్పలేను.
నాలిక కాలింది. కండ్లల్ల నీళ్లొచ్చినయి, కారానికే.
లారీలు పోతున్నయి. రెండో ముక్క అడిగిన.

ఆమె గూడ ఒక తుంట కొరికింది.
తీగ సాగింది, సాగింది, గాజుల దాక సాగింది.
"ఉప్పు లేదు. సబ్బు లెక్కున్నది" అని
మిగిలింది కుక్కకేసింది.

పుస్తకం తీసిన. ఊరు పేరు ఏమని రాయాల్నో తోచలే,
తండా పేరు అడగనే లేదు.
పక్కన కిలోమీటరు రాయికి సున్నం రాలి
అంకె సగమే కనబడ్డది. ఆ సగమే రాసుకున్న.
మార్కుల కాడ ఖాళీ.

పోయిన వారం సొంత పైసలతోని ఒక కడ్డీ కొని ఆగిన.
"మల్ల ఆ సబ్బేనా" అన్నది దేవ్లీ.
పొయ్యి మీద పుంటికూర ఉడుకుతున్నది,
బాటిలేసి అదే పెట్టింది.
తిన్న. మంచిగనే ఉన్నది.
బండిల కొత్త కంప్రెసర్ గుర్రుమంటున్నది,
చేతుల కడ్డీ మెల్లగ మెత్తవడుతున్నది.