ఏ సగమే?

బోర్మాలోంచి దించిన పప్పు ఇంకా వేడిగానే ఉంది.
ట్రేలు పరిచీ పరవకముందే
దాలమ్మ మొదలెట్టేసింది:
"ఒలే, సూసినారా రేత్రి?
ఇచ్చీసినాది! ఆయుస్సులో సగం ఇచ్చీసినాది!"

కాశీబుగ్గలో నిన్న తొమ్మిదింటికి కరెంటు పోలేదు.
సీరియల్లో వింతల కంటే అది పెద్ద వింత.
అందుకే అందరూ చూశారు,
రాయైపోయిన రాజు కాళ్ళ దగ్గర
వజ్రవేణి కూలబడడం,
కపాలదత్తుడు పొగలోంచి దిగి
వేలెడంత దీపం ఆమె చేతిలో పెట్టడం,
"సగం నూనె ఆయనకి, సగం నీకు" అనడం,
సరిగ్గా అప్పుడే
దిక్కుమాలిన సబ్బు ప్రకటన.

"బుద్ధి నేదు దానికి" అంది తవిటమ్మ,
గోటితో తొక్క లాగుతూ.
"ఆడు రాజ్జెం ఏలినన్నాళ్ళూ దీన్ని కన్నెత్తి సూసినాడా?
సిన్నరాణి మేడమెట్లు అరగదీసినాడు.
రాయైనాకే కాస్త నెమ్మదొచ్చింది మొగుడికి,
అలగే ఉంచీవలసింది."
నవ్వితే పొట్టు ఎగిరి
అందరి కనుబొమ్మల మీదా వాలింది.

కుమారికి దీపం మీదే అనుమానం.
పోయిన వారం ఎడం చేతిలో ఉంది,
నిన్న కుడి చేతిలోకి ఎలా వచ్చింది?
"మంత్రం" అంది ఎవరో.
"మంత్రం కాదు, మరుపు. తీసినోలు మర్సిపోనారు.
ఆ పాము కూడా రబ్బరుదే."
దాలమ్మకి నిజంగానే కోపం వచ్చింది.
"రబ్బరు పాముకి కన్నీల్లొస్తాయేటే?"

నేను తూకం రాసేదాన్ని.
గుండుకో గడి, బద్దకో గడి, నూకకో గడి.
గుండు విడిపోయి రెండు బద్దలైతే
బరువు తగ్గదు, ధర తగ్గుతుంది.
ఈ లెక్క నాకు చెప్పింది రెయ్యమ్మే,
చేరిన మొదటి రోజు,
జీడి రసం తిన్న నల్లటి వేళ్ళతో చూపించి.

రెయ్యమ్మ ఇంతసేపూ మాట్లాడలేదు.
వారంలో రెండు రోజులు రాదు ఆమె.
మొగుడి రక్తం యంత్రంలోకి వెళ్ళి తిరిగొచ్చే
ఆ నాలుగు గంటలూ
ఆసుపత్రి వరండాలో కూర్చుంటుంది.
ఉద్దానంలో ఎవరూ దీన్ని విడమర్చి అడగరు.
"ఈయేల మంగళారం కదా" అంటారు,
"ఈయేల శుక్రారం కదా" అంటారు.

చేతిలో పప్పుని అటూ ఇటూ తిప్పి అడిగింది:
"సగం అంటే
ఏ సగమే?
ముందర్దా, యెనకాలదా?"

ఎవరికీ అందలేదు.
"అదే, ఆయమ్మకి అరవై ఏల్లు రాసుంటే
సివర ముప్పై పట్టుకెలిపోతాడా?
నేకపోతే రోజూ సగం రోజు తీసుకుంతాడా?
రోజూ సగవైతే ఇచ్చీవచ్చు.
పగలెలగూ ఈ పిక్కలకే పోతాది."

తవిటమ్మ గొంతు సవరించుకుంది.
"ఆ మంత్రగాడు తూకంలో దొంగేనే, సగవని ముప్పాతిక లాగీస్తాడు.
మన పాపని పంపాల, పద్దు రాయడానికి.
ఏటే పాపా, నీ ఫోన్లో ముందే వొచ్చేస్తాదంట కదా?
రాజు లెగిసినాడా?"

పొద్దున్న ఆరింటికే చూసేశాను,
షట్టరు తీసేదాకా మెట్ల మీద కూర్చుని.
రాజు లేచాడు.
కళ్ళమీది రాతిపొడి దులుపుకుని
వజ్రవేణిని చూసి
"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

"డేటా అయిపోనాదప్పా" అన్నాను,
పుస్తకం మీదకి వంగి,
అక్కర్లేని చోట ఇంకో గడి గీస్తూ.

రెయ్యమ్మ నా వైపే చూసింది కాసేపు.
"పోన్లే, రేత్రికి సూద్దుంలే" అంది.
"రేపు శుక్రారం, నాను రాను.
మీరేటి మాటాడుకున్నారో
ఎల్లుండి సెప్పండి, ఎవులైనా."

అప్పటికే దాలమ్మ
మళ్ళీ పాము దగ్గరికి వెళ్ళిపోయింది.
"రబ్బరుదే అనుకో.
అయినా ఏడిసింది కదేటి."