సున్నాకి కింద

నలభై ఒక్క రిజిస్టర్లు.
అట్టలకి చెదలు, పిన్నులకి తుప్పు.
"మార్చి లోపల కంప్యూటర్లోకి ఎక్కించాలమ్మా నస్రీన్" అన్నారు ఏఈ గారు.
సంగం దిగువన పెన్న గేజీ.
తేదీ, వేళ, అడుగులు, అంగుళాలు, రిమార్కులు.
రాసినవాడు దారా వెంగయ్య, లస్కరు.
నేనాయన్ని చూడలేదు.
చూసినట్టే లెక్క:
ఏడంకెని కొక్కెంలా వంచుతాడు,
పేజీ తిప్పిన చోటల్లా సున్నం అంటిన బొటనవేలు.

పొద్దున ఆరింటికి, మాపటేళ ఆరింటికి.
పెళ్ళయిన రోజూ రాసుంటాడు,
ఎవరినో మోసుకుపోయి వచ్చిన రోజూ.
అవేవీ రిమార్కుల్లో లేవు. ఏటి సంగతులే.

"పది అడుగుల నాలుగంగుళాలు. నీళ్ళు ఎర్రన.
ఒక దూలం, రెండు గొర్రెలు, పెళ్ళిపందిరి తాటాకు వచ్చినవి."

"మొలగొలుకులు పనలమీదే మొలకెత్తినవని వినికిడి."

"రాత్రి రెండు. లాంతరు ఆరినది.
అంకెలు చేత్తో తడిమి చదివితిని.
పదహారు. తప్పయితే అరంగుళం."

ఆ పేజీ తడిసి, ఉబ్బి, ఎండింది.
తిప్పితే అప్పడంలా చప్పుడు.

ఎండాకాలాలు టైపుకి తొందరగా అయిపోతాయి.
సున్నా, సున్నా, సున్నా,
మే నెల మొత్తం నాలుగు నిమిషాలు.
అట్లా పోతా పోతా ఇరవై తొమ్మిదో రిజిస్టర్లో ఆగాను.
"సున్నాకి కింద జానెడు."
మర్నాడూ అదే.
నెల తిరిగేసరికి
"మూరెడు. వెదురుకర్రకి గీతలు పెట్టి కొలిచితిని.
ఏరు పారుతున్నది."

మైనస్ కొట్టాను.
'విలువ చెల్లదు' అంది తెర, ఎర్రగా.
ఏఈ గారు టీ గ్లాసు దించకుండానే నవ్వారు.
"సున్నా కొట్టేయి. సున్నా కింద నీళ్ళు యాడన్నా ఉంటాయా?
అన్నీ కాకిలెక్కలు."
కాకిలెక్కలు రాసేవాడు
రాత్రి రెండింటికి వరదలోకి చెయ్యిపెట్టి అంకెలు తడుముతాడా
అని నేను అడగలేదు.
నా కాంట్రాక్టు కూడా మార్చి దాకానే.

ఆదివారం కోటమిట్ట నుంచి ఆటోలో స్టాండుకి,
అక్కణ్ణుంచి ఆత్మకూరు బస్సు.
గట్టు దిగాను. ఇంకా దిగాను.
రాతి స్తంభం, దానికి ఎనామిల్ రేకు.
తలెత్తితే గానీ సున్నా కనపడలేదు,
నా నెత్తికి జానెడు పైన.
పునాది రాళ్ళు చిగురు జారిన పళ్ళలా బయటపడి,
ఇసకలో లారీ చక్రాల గాళ్ళు, గాళ్ళలో నిలవనీళ్ళు,
అవతలగా ఏరు,
సన్నగా, పారతానే ఉండాది.

దోసపాదులకి నీళ్ళు పోస్తున్నామె బిందె దించింది.
"వెంగయ్యా? పోయి ఆరేళ్ళాయ. నువ్వెవురు, మనవరాలివా?"
నేను తలూపాను,
అవునని కాదు, కాదనీ కాదు.
"ఏరు తగ్గలా పాపా. నేల దిగింది.
ఆయన చెప్తానే ఉండె. రాసుకునే వాళ్ళేరి?"

నిలువులోతు నీళ్ళంటారు.
నేను నిలువులోతు ఇసక లేనిచోట నిలబడ్డాను.
చెయ్యి పైకెత్తి తడిమాను.
రేకు ఎండకి కాలిపోతోంది.
సున్నా అడుగంచు వేలికి తగిలింది.

సోమవారం.
అడుగుల గడిలో సున్నా కొట్టాను, వేరేది పట్టదు గనక.
రిమార్కుల గడిలో నలభై అక్షరాలు పడతాయి.

"జానెడు కింద. ఏరు పారుతున్నది. చూసి వచ్చితిని."

సేవ్ అయింది.
ఇంకా పన్నెండు రిజిస్టర్లున్నాయి.