అంకె నిలిచేదాకా

మిర్చి యార్డులో ఊపిరి ఊరికే రాదు.
దగ్గి, తుమ్మి, ముక్కుకి తువ్వాలు కట్టి
తెచ్చుకోవాలి.
పందొమ్మిదేళ్లుగా కాటా గుమాస్తాని,
నా ఊపిరి నాకెప్పుడూ కనపడలేదు,
ఎగశ్వాస పుట్టి
కొత్తపేట ఆసుపత్రి బల్ల మీద కూలబడేదాకా.

నర్సు సువార్తమ్మ చెప్పింది:
"లోపలికి పోయేదాన్ని చూడు. బయటికొచ్చేదాన్ని చూడు.
తోలమాక. పగ్గం లాగమాక.
గొడ్డు దాని దారిన అది ఇల్లు చేరుద్ది."
అంతే. మంత్రం లేదు, చాప లేదు.
ఇన్‌హేలరు మాత్రం నాలుగొందల ఇరవై.

తెల్లారుజామున నల్లచెరువులో మా మేడ మీద
నీళ్ల ట్యాంకుకి వీపు ఆనించి కూచున్నాను.
మొదటి రోజు చూసింది ఊపిరిని కాదు,
బాకీల్ని.
రెండో రోజు బావమరిదితో పదకొండేళ్ల నాటి తగాదాలో
మాటకి మాట చెప్పి గెలిచాను.
కళ్లు తెరిస్తే దోమలు గెలిచి ఉన్నాయి.
నెల తిరిగినా శాంతి రాలేదు.
ఒకటి మాత్రం తెలిసింది:
నేను అరవబోయే ముందు
మెడ పక్కన ఒక నరం లేస్తుంది.
ఇన్నాళ్లూ దాన్ని నా భార్య చూసేదట,
పిల్ల చూసేదట,
చూసి ఇద్దరూ వంటింట్లోకి తప్పుకునేవాళ్లట.
ఆ నరం సంగతి తెలియనిది
ఇంట్లో నాకొక్కడికే.

ఫాల్గుణం. షెడ్ల నిండా తేజ కుప్పలు,
ఎండకి కూడా ఘాటెక్కింది.
దుర్గి నుంచి వచ్చిన రైతు చిన గురవయ్య
రాత్రంతా టిక్కీల మీదే పడుకుని
చెంప మీద గోనె అచ్చులతో నిలబడ్డాడు.
కాటా మీద బస్తా పడింది.
ఎర్ర అంకెలు ఊగుతున్నాయి,
నలభై నాలుగు, నలభై మూడున్నర, మళ్లీ నాలుగు...

అప్పుడు చూశాను,
ఊపిరిని చూసినట్టే, తోలకుండా.
నా కుడికాలి బొటనవేలు
చెప్పులోంచి బయటికొచ్చి
కాటా పళ్లెం అంచుని కిందనుంచి
ఎత్తి పట్టుకుని ఉంది.

దానికెవరూ చెప్పలేదు.
షావుకారు చెప్పాల్సిన రోజులు ఏనాడో పోయాయి.
అదొక్కటే వేరు కాపురం పెట్టుకుని
నా జీతం మీద బతుకుతోంది.

ముందు వచ్చింది పశ్చాత్తాపం కాదు, అబద్ధమెందుకు,
ఎవరైనా చూశారా అని.
ఆ ఆలోచన కూడా కనపడింది. ఉంది. పోయింది.
వేలు తీశాను.
అంకె ఒక్క ఎగురు ఎగిరి
నలభై నాలుగూ ఆరొందల దగ్గర నిలిచింది.

రాశాను.

గురవయ్యకేమీ తెలియదు. దణ్ణం పెట్టబోతే
తుమ్మొచ్చినట్టు మొహం తిప్పుకున్నాను.
పందొమ్మిదేళ్ల అరకిలోల్ని
ఏ ఊళ్లకి, ఏ గుమ్మాలకి తిరిగి మోసుకెళ్లను?
లెక్క వేయబోయి రెండో ఏటి దగ్గరే ఆపేశాను.
ఆ లెక్కలోనూ నేనే పెద్దగా కనపడుతున్నాను.

సాయంత్రం షావుకారు చీటీలు తిరగేసి
"ఏందయ్యా, ఇవాళ సరుకు బరువెక్కింది?" అన్నాడు.
నరం లేచింది. చూశాను. దిగింది.
"కాటా బాగైందండీ" అన్నాను.

మర్నాడు పదిహేడో బస్తా దగ్గర
వేలు మళ్లీ అక్కడే ఉంది.
తీశాను.
ముప్పై ఒకటో బస్తా దగ్గర మళ్లీ.

విషయం విని మా ఆవిడ
బూట్లు కొనుక్కోమంది.
వద్దన్నాను.
దాన్ని నాకు
కనపడనీ.