వేస్టు పోను

గనిలోంచి బండ పైకొచ్చినప్పుడు
దాన్ని చూసి ఎవరూ లెక్క కట్టరు మా మార్కాపురంలో.
చీల్చాలి, కోయాలి, సాన పట్టాలి.
పెచ్చులు పోను, పగుళ్ళు పోను
చేతికెన్ని పలకలొచ్చాయో అదీ లెక్క.
మిగతాదంతా ఊరి బయట గుట్ట.

ఇరవై రెండేళ్ళు ఆ పలకలకి ఫ్రేములు బిగించాను.
ఫ్యాక్టరీ మూసినప్పుడు పీఎఫ్ అదీ ఇదీ కలిపి
రెండు లక్షల నలభై వేలు పడ్డాయి.
పడ్డ మర్నాడే తిరుపాలు వచ్చాడు ఫైనాన్సు తరఫున,
"నూటికి రూపాయిన్నర, ఓబులమ్మొదినా, నెలనెలా చేతికి."
ఇదే మాట చెప్పిన ఇంకో ఫైనాన్సు బోర్డు
ఇప్పుడు మా వీధిలో కోళ్ళగూటికి తలుపు.
మజ్జిగిచ్చి పంపాను.

బ్యాంకులో హిమజ అనే పిల్ల
వేలితో కాగితం మీద చూపించింది:
ఏడాది పైచిలుకుకైతే ఏడు,
ఐదేళ్ళకైతే ఆరున్నర.
ఉత్త పాసుబుక్కులో వదిలేస్తే మూడుకి లోపే.
"మంచిదేనా అమ్మాయీ?"
"సేఫ్ ఆంటీ."
నేనడిగింది అది కాదు.

ఇంటికొచ్చి మూల విరిగిన పలకొకటి తీశాను.
(ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్నవన్నీ మూల విరిగినవే.)
రెండు లక్షల నలభై వేల మీద ఏడు,
ఏడాదికి పదహారు వేల ఎనిమిది వందలు.
చూడ్డానికి పెద్ద బండే.

డబ్బాలో పోయినేటి కార్తీకం చీటీ ఉంది:
బియ్యం, కందిపప్పు, నూనె, బీపీ మాత్రలు, కరెంటు,
గ్యాసు బండ. అన్నీ కలిపి ఆరు వేలు.
ఈ కార్తీకం, అదే చీటీ, అదే కొట్టు,
ఒక్క గింజ ఎక్కువ కొనలేదు,
ఆరు వేల మూడు వందల అరవై.
నూటికి ఆరు.

అంటే నా డబ్బు ఉన్నచోట ఉన్నట్టుగా నిలబడ్డానికే
పద్నాలుగు వేల నాలుగు వందలు మింగుతుంది.
అది వడ్డీ కాదు, పెచ్చులు.
వేస్టు పోను ఇరవై నాలుగు వందలు.
నెలకి రెండు వందలు.
పలక మీద ఆ అంకె ఎంత చిన్నగా ఉందంటే
బలపం మళ్ళీ దిద్ది రాశాను.

పాసుబుక్కులో వదిలేసుంటే ఇదీ లేదు,
సాన మీద పెట్టి మరిచిపోయిన పలకలాగా
ఎవరూ ముట్టకుండానే అరిగిపోయేది.

అరవై నిండినోళ్ళకి అర శాతం ఎక్కువంట.
మా అమ్మ లెక్కలో నాకు నిండి పది నెలలు.
ఆధార్ లెక్కలో ఇంకా పద్నాలుగు నెలలు కావాలి.
ఆ రోజు కార్డు రాసినతను నా మొహం చూసి
తోచిన జనవరి ఒకటి వేసుకున్నాడు,
రెండేళ్ళు చిన్నదాన్ని చేశాడు.
ఆ పొగడ్త ఖరీదు ఏడాదికి పన్నెండు వందలు.

మర్నాడు వెళ్ళి చెప్పాను:
ఐదేళ్ళొద్దు. పద్నాలుగు నెలలు వెయ్యి.
ఆ తర్వాత ముసలిదాన్నై వస్తాను.
"అప్పటికి రేటు తగ్గితే?"
తగ్గొచ్చు. రాసిచ్చేవాళ్ళు ఎవరున్నారు?
ఇంకోటి, ఒకే రసీదు వద్దు,
అరవై వేలవి నాలుగు చెయ్యి.
మధ్యలో ఆస్పత్రి పనిబడితే
ఒక్క మూల విరగాలి గానీ
పలకంతా పగలగూడదు.

హిమజ నవ్వింది. "ఇవన్నీ ఎవరు చెప్పారాంటీ?"
మేస్త్రీ గురవయ్య, అన్నాను.
సాన దగ్గర దగ్గుతూనే చెప్పేవాడు:
బండ ధర అడగొద్దు, పలకలెన్నని అడుగు.
ఆయన పీఎఫ్ ఎవరు తీసుకున్నారో తెలీదు.
నామినీ గడి దగ్గర కాసేపు ఆగి
చెల్లెలి కూతురి పేరు రాయించాను.

సాయంత్రం కొట్టుకెళ్తే
కందిపప్పు మీద ఇంకో ఎనిమిది రూపాయలు.
ఇంటికొచ్చి
పలక ఒళ్ళో పెట్టుకుని
తడిగుడ్డ కోసం వెతుకుతున్నాను.