దుప్పట్లు ఆరేసే వేళ

నిప్పు లేనిదే పొగ రాదంటారు, నిజమే.
వచ్చిన పొగ ఎటు పోతుందో మాత్రం
ఏ సామెతా చెప్పలేదు.

అందుకే ఈ స్లొవేనియా లోయలో
మంచు కరగని గడ్డివాము పక్కన వ్యాను ఆపి,
పైకప్పు తెరిచి,
తెల్లవారుజామున మూడున్నరకి
ఆకుపచ్చ వెలుగును గట్టు మీదికి వదులుతున్నాను,
సెకనుకి ఇరవై సార్లు.

వెలుగు వెళ్తుంది.
కరెంటు కర్మాగారం చిమ్నీ కక్కిన నలుసుల్ని తాకి
కాస్తంత వెనక్కి వస్తుంది,
ఊరంతా అప్పడిగి
గుప్పెడు చిల్లరతో తిరిగొచ్చినవాడిలా.
ఆ చిల్లరతోనే నా లెక్క.
చేసిన ఆలస్యాన్ని బట్టి దూరం,
తెచ్చిన మొత్తాన్ని బట్టి చిక్కదనం.

ఆఫీసులో గీసిన పటంలో పొగ బుద్ధిమంతురాలు.
లేచి, గట్టు దాటి,
పక్క లోయలోకి తలవంచుకుని పోతుంది.
లైడార్ తెర మీద అలా లేదు.
గట్టు దాకా వెళ్లి
ఏదో మరిచిపోయినట్టు ఆగింది.
చల్లగాలి బరువుకి వంగి
వాలు వెంట నీళ్లలా జారి
ప్లమ్ తోట మీదుగా, బడి వెనకగా వచ్చి
పదకొండు ఇళ్ల నడుమ పడుకుంది.

వెనక ఎవరో నిలబడ్డారని ఆలస్యంగా చూశాను.
అపొలోనియా. మగవాళ్ల కోటు, రబ్బరు బూట్లు.
"పచ్చదీపం చూసి వచ్చాను. దేన్ని వెతుకుతున్నావు?"
తెర చూపించాను.
ఎర్రగా ఉన్నచోట వేలు పెట్టింది.
"ఇది మా పెరడు."

కాసేపాగి తనే అంది:
"మా లుద్విక్ ముప్పయ్యేళ్లు అక్కడ బాయిలర్ చూశాడు.
పొగనెవరైనా ఒక్క మాటంటే
అది మన రొట్టె అని పోట్లాడేవాడు.
దుప్పట్ల మీద మసి పడితే మాత్రం
నా కంట పడకముందే దులిపేసేవాడు."

తర్వాత, పాలు ఎప్పుడొస్తాయని అడిగినంత మామూలుగా:
"అయితే ఎన్నింటికి ఆరేయమంటావు?"

నలభై రాత్రుల కొలతలున్నాయి నా దగ్గర.
గాలి వేగాలు, వెచ్చటి పొర ఎత్తులు,
దోష సవరణకి మూడు పద్ధతులు.
ఈ ప్రశ్నకి గడి లేదు.

గ్రాఫులన్నీ మళ్లీ తిప్పాను.
తూర్పు వాలుకి ఎండ తగిలాక
పొగ అంచు వదులై,
బడి పైకప్పు నుంచి మెల్లగా లేవడం
పదిం పావుకి అటూ ఇటూ.

"పదిన్నర తర్వాత."
"తొమ్మిదింటికి వేస్తున్నాను," అంది, "పెళ్లయినప్పట్నించీ."
కోటు బొత్తాం పెట్టుకుంటూ దిగిపోయింది.

నివేదికలో అంకెలు రాశాను.
నోటుపుస్తకం అంచున పెన్సిలుతో:
దుప్పట్లు, పదిన్నర దాటాక, ఎండ ఉంటేనే.
మబ్బు పట్టిన రోజు సంగతి
ఇంకా తెలియదు.