నేనే

బ్ర్నోలో ఆఖరి ట్రామ్ వెళ్ళిపోయాక
రద్‌మిలా ఏడో ప్యాచ్ తెరిచింది.
పంపింది తుర్కు నుంచి ఓయివా.
ముఖం తెలీదు.
ట్యాబు ఉండాల్సిన చోట ఖాళీలు కొడతాడని తెలుసు,
ప్రతి ఉత్తరం క్షమించండితో మొదలెడతాడని తెలుసు.

పదకొండు వరసలు.
సర్వర్ పలకనప్పుడు
పాత పాస్‌వర్డు జ్ఞాపకంతో తలుపు తీసే చోట
గడువు దాటిందా అన్న ఒక్క ప్రశ్న
ఇతను అడగలేదు.
పరీక్షలన్నీ పచ్చగానే వచ్చాయి.

పచ్చదనాన్ని ఆమె నమ్మదు.
రెండేళ్ళ కిందట ఇలాంటి పచ్చ చూసే
సరేనంది;
ఉద్యోగం మానేసిన మనిషి పేరుతో
ఎవరో ఒక ఆసుపత్రి యంత్రంలోకి
మూడు వారాలు వచ్చిపోయారు.

"బాగుంది" అని రాసి, చెరిపింది.
"ఎనిమిదో వరస: గడువు సున్నా అయితే?"
అంతే రాసింది. కాసేపాగి
"మిగతాది చక్కగా ఉంది" అని చేర్చింది,
నిజమే కనక.

కింద వీధి తలుపు బజర్ మోగింది.
ఎవరు?
"నేనే" అంది జలుబు పట్టిన గొంతు.
మూడో అంతస్తు క్వేతోస్లావా,
మళ్ళీ తాళాలు మరిచినట్టుంది.
లేక?
బొత్తాం మీద వేలు ఆగింది.
బయట మైనస్ తొమ్మిది.

నొక్కింది.
నొక్కి, గుమ్మంలో చెవి రిక్కించి నించుంది,
మెట్ల మీద
అడుగు, అడుగు, కర్ర
వినిపించేదాకా.